నలుగురూ చూస్తున్నప్పుడు

జీవనోపాధికై సొంత ఊరు విడిచి, పరాయి ఊళ్లలో స్థిరపడి, అక్కడే పిల్లలను పెంచి పెద్దచేసిన వారము మనము. ఈ మారు మన ఇండ్లకు సంబంధించిన ఒక ప్రశ్నను మీ ముందుంచుతున్నాము. మనలను ఎరుగనివారు, మన బిడ్డ విషయములో నలుగురి ఎదుట మనలను తప్పుపట్టినప్పుడు మనము ఏమి చేయాలి? చిన్న ప్రశ్నగానే కనబడుతుంది గాని, దీనికి మనమిచ్చే జవాబు బిడ్డ మనసులో చాలా కాలము నిలిచిపోతుంది.

మొన్న వేసవిలో ఒక పెండ్లికై బిలోలి వెళ్లాము. అది మహారాష్ట్రలో నాందేడు జిల్లాలోని తాలూకా కేంద్రము. బోధను నుండి వెళ్లేవారు సాలూర వద్ద మంజీర దాటి అక్కడికి చేరుతారు. 1956 అక్టోబరు నెలాఖరు వరకు ఆ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిది. నవంబరు 1న నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరింది. అదే జిల్లాలోని ముధోలు, భైంసా, కుభీరు, బిచ్కుంద, జుక్కలు ప్రాంతములు మాత్రము ఆంధ్రప్రదేశునకు వచ్చాయి. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. కాగితము మీద గీత గీసినంత సులువుగా మనుషుల నాలుకల మీద గీయలేము గదా! నేటికీ అక్కడ ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే కుటుంబములున్నాయి.

తిరుగు ప్రయాణములో బస్‌స్టాండులో కూర్చున్నాము. ఒక చిన్నవయసు తల్లి, చంకలో పసిబిడ్డ, చేతిలో సంచి. నాలుగేండ్ల పిల్లవాడు బొమ్మ కావాలని నేలమీద పడి దొర్లుతున్నాడు. ఆమె తెలుగులో మెల్లగా నచ్చజెప్పుతున్నది. ప్రక్కనున్న పెద్దమనిషి ఒకరు, ముందు పిల్లవానికి మరాఠీలో బుద్ధి చెప్పమన్నారు. ఇంకొక ముసలామె మన భాషలోనే, "గింత మొండి పోరగాన్ని నేనెక్కడ చూడలె. మొక్కై వంగనిది మానై వంగుతదా?" అన్నది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అంతవరకు ఓర్చుకున్న ఆ తల్లి పిల్లవాని వీపు మీద గట్టిగా కొట్టింది. కొట్టే ముందు ఆమె బిడ్డ వైపు చూడలేదు, మా అందరి వైపు చూచింది.

ఆ చూపు మాకు క్రొత్తది కాదు. ముప్పది ఏండ్ల క్రిందట రైలులో మా పెద్దవాడు కూజాలోని నీళ్లు ఒలకబోశాడు. ఎదుటి బల్ల మీద ఒకాయన సంచి తడిసింది. మేము పంతులమని మాటల్లో తెలుసుకున్న ఆయన, "పంతులుగారి పిల్లలే ఇట్లా ఉంటే ఇక ఊరివారి సంగతి చెప్పేదేమున్నది?" అన్నారు. వెంటనే వాని చెంప మీద కొట్టాము. ఆయన తృప్తిపడి పేపరు చదువుకొని, రెండు స్టేషన్ల తరువాత దిగిపోయారు. మరల ఎన్నడూ ఆయనను చూడలేదు. వాడు మాత్రము మాతోనే ఉన్నాడు. చాలా దినములు మేము చెయ్యి ఎత్తితే చాలు, ఉలిక్కిపడేవాడు. అత్త మీది కోపము దుత్త మీద తీయడమంటే ఇదే. నీళ్లు ఒలికినందుకు కాదు, మా పరువు ఒలికినందుకు వానిని కొట్టాము.

గుడిపాటి వెంకటచలం గారు పాఠశాలల తనిఖీ ఉద్యోగము చేసినవారు. ఆయన అభిప్రాయములన్నిటితో మనము ఏకీభవించలేము. అయినను "బిడ్డల శిక్షణ" అనే పుస్తకములో పిల్లలను కొట్టడమును ఆయన గట్టిగా ఖండించిన సంగతి ఒప్పుకొని తీరవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించింది. ఉపాధ్యాయుని చేతిలో బెత్తము పోయింది గాని, నలుగురి చూపుకు జడిసి లేచే తల్లిదండ్రుల చేతిని ఏ చట్టము పట్టుకోగలదు?

అట్లని "లోకులు పలుగాకులు" అని చెవులు మూసుకోవచ్చునా? కూడదు. మన పిల్లవాడు బస్సు కిటికీలో నుండి చెయ్యి బయట పెట్టినప్పుడు, మరొక పిల్లను గిల్లినప్పుడు, మనము చూడనిది ప్రక్కవారు చూచి చెప్పుతారు. అది కటువుగా ఉన్నా మేలైన మాటే. కాబట్టి చెప్పినవారు ఎవరు, ఎంత గట్టిగా చెప్పారు అన్నది ముఖ్యము కాదు. ఈ మాట వింటే మేలు బిడ్డకా, మా పరువుకా అని మనలను మనమే అడుగుకోవలెను. బిడ్డ మేలు కొరకైతే, ఆ మాట చెప్పినవారు శత్రువైనా వినవలెను. పరువు కొరకైతే, చెప్పినవారు బంధువైనా నవ్వి ఊరుకోవలెను.

భాష విషయములోనూ ఇంతే. బజారులో బిడ్డతో తెలుగు మాట్లాడితే ఇక్కడివారు వింతగా చూస్తారు, సెలవులకు ఊరికి పోతే, "మీవాడికి తెలుగు అక్షరము రాదా?" అని అక్కడివారు నవ్వుతారు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన ఏర్పాట్లు ఉండాలని రాజ్యాంగములోని 350ఏ అధికరణము చెప్పుతున్నది. అది కూడ 1956లోనే చేరింది. అయినను దగ్గరలో ఉన్న బడి, ఇంటి ఆదాయము, బిడ్డ భవిష్యత్తు చూచుకొని తల్లిదండ్రులు మరాఠీ బడినో ఇంగ్లీషు బడినో ఎన్నుకొంటే అది నేరము కాదు. కాని ఎవరో చూచారని బజారులో గొంతు తగ్గించి భాష మార్చితే, అమ్మ మాట సిగ్గుపడవలసినదని మనమే బిడ్డకు నేర్పినవారమవుతాము.

తప్పుగా తీర్పు పొందినప్పుడు ఎట్లు మాట్లాడవలెనో మొదటి సమూయేలు గ్రంథములోని హన్నా మనకు చూపుతుంది. బిడ్డకై కన్నీటితో మౌనముగా ప్రార్థించుచున్న ఆమెను చూచి, యాజకుడైన ఏలీ త్రాగి మత్తులో ఉన్నదనుకున్నాడు. ఆమె తగవులాడలేదు, తల వంచుకొని వెళ్లిపోనూ లేదు. మర్యాద తప్పకుండ, తాను త్రాగలేదని, దుఃఖములో ఉన్నానని చెప్పింది. ఏలీ కూడ పట్టుదలకు పోక ఆమెను దీవించాడు. ఇతరుల ఇంటి సంగతి ఒక్క చూపులో తేల్చిన ఈ ఏలీ తన సొంత కుమారులను అదుపులో పెట్టలేకపోయాడని తరువాతి అధ్యాయములోనే చదువుతాము. అయినను హన్నా ఆ పాత మాటను మనసులో పెట్టుకోలేదు. పుట్టిన సమూయేలును ఆ ఏలీ యొద్దకే తెచ్చింది.

ఇంతవరకు తల్లిదండ్రుల వైపు నుండి చెప్పుకున్నాము. నిజమునకు మనలో చాలామందిమి ఇప్పుడు ఏలీ వయసులో ఉన్నాము. ఆరాధనలో పసిబిడ్డ ఏడ్చినప్పుడు ముందు వరుసలలో నుండి వెనుకకు తిరిగే తలలు మనవే. చిన్నపిల్లలను తెచ్చినవారిని గద్దించిన శిష్యుల మీద ప్రభువు కోపపడిన సంగతి మనకు తెలియనిది కాదు. పిల్ల ఏడ్పు కంటె ఆ తలలు తిరుగుటయే తల్లికి ఎక్కువ భారము.

బిలోలి బస్‌స్టాండులో మేము చేసినది గొప్ప పని ఏమీ కాదు. లేచి, "తల్లీ, సంచి ఇటివ్వమ్మా, నేను పట్టుకుంటాను" అన్నాము. ఆమె సంచి మా చేతికిచ్చి, క్రింద కూర్చొని, ఏడ్చే పిల్లవానిని దగ్గరకు తీసుకున్నది. బస్సు వచ్చేవరకు ఎవరూ మరొక మాట అనలేదు. ఆ పిల్లవాడు తల్లి భుజము మీది నుండి మమ్మును అనుమానముగా చూస్తూ, కొంతసేపటికి నిద్రపోయాడు. ముప్పది ఏండ్ల క్రిందట ఆ రైలులో మాకు అట్లాంటి మాట ఒక్కరైనా అని ఉంటే బాగుండునని అనిపించింది.