కార్డు మీద ఎవరి పేరు?

మా యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు విభాగం చూసే మేడం రిటైర్ కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. కొత్త పుస్తకం చేతికందగానే ఆవిడ అందరిలా అట్ట చూడరు. లోపలి టైటిల్ పేజీ వెనక్కి తిప్పి ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ప్రెస్సు ఏ ఊళ్ళోది అని చదువుతారు. రచయిత్రి పుస్తకమైతే హక్కులు ఆమె పేరు మీద ఉన్నాయా, భర్త పేరు మీదా అని చూసి, నన్ను పిలిచి చూపిస్తారు. భోజనమయ్యాక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వెతకడం ఆవిడకి కాలక్షేపం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి అక్కడికి చేరిన పుస్తకాల్లో చాలావాటికి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టి పెట్టారు. ఒకే రచయిత్రి నాలుగు స్పెల్లింగుల్లో నలుగురు మనుషులై కనిపిస్తుంది. "ఇవాళ ఇంకొకావిణ్ణి ఒక్కటి చేశానమ్మా" అని సంతోషంగా చెబుతారు మేడం.

ఈ ఒక్కటి చేయడం గురించే నేను రాయాలనుకుంటున్నది. అది ఎప్పుడూ మేలేనా? చేసే హక్కు ఎవరిది?

తెలుగు స్త్రీల పేర్లు కేటలాగులో చీలిపోవడానికి కారణాలు మనకు తెలియనివి కావు. మన ఇంటిపేరు ముందుంటుంది. కేటలాగు నియమాలు తయారైన దేశాల్లో అది చివర ఉంటుంది. కాబట్టి మన పేరు ఎక్కడ విరిచి ఎటు తిప్పి రాయాలన్నది ఆ రోజు కుర్చీలో ఉన్న మనిషిని బట్టి ఉంటుంది. దానికి తోడు పెళ్ళి. రంగనాయకమ్మ తొలి పుస్తకాల మీద 'ముప్పాళ' అనే ఇంటిపేరు ఉండేది. తర్వాత ఆమె దాన్ని తీసేసి ఒట్టి రంగనాయకమ్మగానే రాశారు. ఆమె అంత ప్రసిద్ధురాలు కాబట్టి పాఠకులకు తికమక లేదు. ఒకటి రెండు పుస్తకాలు రాసి ఆగిపోయినవాళ్ళ సంగతేమిటి?

నా సంగతే చూడండి. నా మొదటి వ్యాసం పుట్టింటి ఇంటిపేరుతో అచ్చయింది. పీహెచ్.డి. సిద్ధాంతగ్రంథం మీద పెళ్ళి తర్వాతి ఇంటిపేరుంది. ఆ పెళ్ళి ఇప్పుడు లేదు. పేరు మళ్ళీ పాతదే. మా లైబ్రరీ కంప్యూటర్లో మాత్రం నేనింకా ఇద్దరిని.

ఇలాంటి చిక్కుల కోసమే లైబ్రేరియన్లు పేర్లకు విడిగా ఒక పట్టిక పెట్టుకుంటారు. అథారిటీ ఫైల్ అంటారు దాన్ని. పాత చెక్క సొరుగుల్లో అయితే ఒక పేరు కార్డు మీద 'ఈ పేరు చూడుడు' అని ఇంకో పేరు రాసి ఉండేది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది, పాఠకుల కాలం వృథా చేయకూడదని. ఆ 'చూడుడు' అనే మాట పని అదే. వెతికే మనిషికి దారి చూపించడం.

కలం పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఈ పని అంత తేలిక కాదు. 'బీనాదేవి' అంటే నరసింగరావు, త్రిపురసుందరి దంపతులిద్దరూ. ఆయన పోయిన తర్వాత ఆమె ఒక్కరే అదే పేరుతో రాశారు. అప్పుడా పేరు ఒకరిదా, ఇద్దరిదా? 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన 'పురాణం సీత' నిజానికి పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఇల్లాలి గొంతు అరువు తెచ్చుకున్న మగరచయితను ఆ విషయం చెప్పి పాఠకులకు చూపించడం అవసరమేనని నేను అనుకుంటాను. అయితే అదే న్యాయం అటునుంచి ఇటు కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్న నాకు నా పరిశోధన మధ్యలో ఎదురైంది.

యాభైలు, అరవైల నాటి వారపత్రికల్లో స్త్రీల కథల మీద నేను పనిచేశాను. అందులో ఒక రచయిత్రి పేరు ఇక్కడ రాయను, కారణం చివరికి మీకే తెలుస్తుంది. ఒక కలం పేరుతో ఆమెవి పదకొండు కథలు దొరికాయి. పెళ్ళయిన ఆడదాని శరీరం గురించి, విసుగు గురించి, పిల్లల మీద అప్పుడప్పుడూ వచ్చే అయిష్టం గురించి అంత తిన్నగా రాసినవాళ్ళు ఆ రోజుల్లో అరుదు. ఆ తర్వాత ఆ పేరు మాయమైపోయింది. ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. మూడేళ్ళ తర్వాత, ఒక ఇంట్లో ఉత్తరాల కట్ట చూస్తుండగా, ఆమే తన అసలు పేరుతో నోముల కథల పుస్తకం ఒకటి వేసిందని తెలిసింది. ఆ చిన్న పుస్తకం మా లైబ్రరీలోనే ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకున్నట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే పరుగున వెళ్ళి మేడంకి చెప్పాను. ఈ రెండు పేర్లూ కలిపేయండి అన్నాను. ఆవిడ సంతోషించారు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఆవిడ ఎప్పుడైనా ఒప్పుకుందా?" అని అడిగారు.

ఒప్పుకోవడమేమిటి, ఋజువుంది కదా అన్నాను.

"ఋజువు గురించి కాదమ్మా నేనడిగేది."

నాకు కోపం వచ్చింది. మరుగున పడ్డవాళ్ళను వెలికి తీయడం అనే పని మీదే కదా మన సాహిత్య విమర్శ సగం నిలబడింది. బండారు అచ్చమాంబ 1902లో కథలు రాస్తే, 1910 నాటి 'దిద్దుబాటు'తోనే తెలుగు కథ మొదలైందని ఎన్నో ఏళ్ళు చదువుకున్నాం. ఎవరో ఓపిగ్గా పాత సంచికలు తిరగేయకపోతే అచ్చమాంబ మనకు లేదు. దాచిపెట్టడం పితృస్వామ్యం పని, బయటపెట్టడం మన పని అని నాకు గట్టి నమ్మకం. భర్తకో, అత్తగారికో భయపడి ఆమె పేరు దాచుకుని ఉంటే, ఇప్పుడు నేనూ దాచడమంటే ఆ భయానికి కాపలా కాయడమే.

మేడం వాదించలేదు. 2016లో ఒక ఇటాలియన్ పాత్రికేయుడు ఎలెనా ఫెరాంటే అసలు మనిషి ఫలానా ఆవిడేనని, డబ్బు లావాదేవీలు తవ్వి మరీ రాసినప్పుడు నేను ఎంత మండిపడ్డానో గుర్తు చేశారు, అంతే. అది వేరు, ఆమె బతికున్న మనిషి, తనకి ఇష్టం లేదని చెప్పింది అన్నాను. చెప్పలేని మనిషికి ఇష్టమేనని నీకెలా తెలిసిందన్నారు.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. 2010 తర్వాత వచ్చిన కొత్త నియమాల్లో, అథారిటీ ఫైల్లో రచయిత ఆడో మగో నమోదు చేయడానికి ఒక గడి ఉండేది. ఎంతమంది స్త్రీలు రాశారో లెక్క తీయొచ్చు కదా అని నాలాంటివాళ్ళకు అది బాగానే తోచింది. కానీ ట్రాన్స్ రచయితల విషయంలో ఆ గడి ఏం చేస్తుందో కొందరు లైబ్రేరియన్లు వ్యాసాలు రాసి చూపించారు. వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ గతాన్ని ప్రపంచమంతటికీ కనిపించేచోట పెట్టడమే అది. కేటలాగర్ల సహకార సంస్థ ఒకటి 2022లో, ఇకమీదట ఆ గడి నింపవద్దని సిఫారసు చేసింది. ఒక విషయం మనకు తెలియడం వేరు, దాన్ని మనిషి పేరుకి శాశ్వతంగా తగిలించడం వేరు అన్నది అప్పుడు నాకు కొంత అర్థమైంది.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. రచయిత్రి కూతురికి డెబ్బై దాటాయి. కథల జిరాక్సులు ఇచ్చాను. రెండు రోజులు ఉంచుకున్నారు. పిల్లల మీద అయిష్టం గురించిన కథ చదివి, "అది నేనే కదమ్మా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. ఈ ప్రశ్న నా సిద్ధాంతాల్లో ఎక్కడా లేదు. స్త్రీ రాతను బయటపెట్టినప్పుడు తగిలే గాయం పితృస్వామ్యానికేనని అనుకున్నాను గానీ, ఇంకో స్త్రీకి తగలవచ్చునని అనుకోలేదు.

ఆ సాయంత్రం ఉత్తరాలు మళ్ళీ చదివాను. మొదటిసారి నాకు కావలసిన వాక్యం కోసమే చదివానని అప్పుడు తెలిసింది. స్నేహితురాలికి రాసిన ఒక ఉత్తరంలో ఆమె, ఆ కలం పేరుతో కూర్చున్నప్పుడు తాను ఎవరికీ కోడలు కానని, ఎవరికీ అమ్మనూ కానని, ఆ గంట తనకెంత హాయిగా ఉంటుందో రాసుకుంది. భయం కూడా ఉంది అందులో, లేదని అనను. కానీ హాయి కూడా ఉంది. ఆ పేరు ఆమెకు ముసుగు ఒక్కటే కాదు, విడిగా ఒక గది. నేను చేయబోయినది ఆ గది గోడ పడగొట్టి, ఆమెను మళ్ళీ ఇంట్లోవాళ్ళందరి మధ్యకీ తెచ్చి కూర్చోబెట్టడం.

అచ్చమాంబ విషయం ఇలాంటిది కాదు. ఆమె తన పేరుతోనే రాసింది, మనం మరచిపోయాం. మరచిపోయినదాన్ని గుర్తు చేసుకోవడం మన బాధ్యత. దాచుకున్నదాన్ని తెరవడం వేరే పని. ఈ రెండింటినీ 'వెలికితీత' అనే ఒక్క మాట కింద కలిపేయడం నేను చేసిన తప్పు.

చివరికి పేర్లు కలపలేదు. ఆ పదకొండు కథల మీద వ్యాసం రాశాను, కలం పేరుతోనే. కూతురి అనుమతితో ఉత్తరాల నకళ్ళు ఒక కవర్లో పెట్టి సీలు వేసి లైబ్రరీకి ఇచ్చాం. కూతురి జీవితకాలం తర్వాత తెరవవచ్చునని పైన రాశాం. ఇది సరైనదేనా? తెలియదు. ఆ తేదీ పెట్టినది కూడా మేమే గానీ ఆమె కాదు. ఈలోగా ఆ కథలు ఇష్టపడి ఇంకేమి రాసిందోనని వెతికే అమ్మాయికి దారి మూసినవాళ్ళమూ మేమే. రంగనాథన్ ఒప్పుకోకపోవచ్చు.

నా పేరు సంగతి మాత్రం తేల్చుకున్నాను. ఈ మధ్య కొందరు ప్రచురణకర్తలు పాత వ్యాసాల మీద కూడా పేరు మార్చుకోనిస్తున్నారు. నాకు మార్చాలనిపించలేదు. ఆ థీసిస్ రాసినది ఆ పేరున్న మనిషే, ఆ సంవత్సరాల్లోనే. రెండు పేర్లూ ఉంచి కలపమని మేడంని అడిగాను. ఆవిడ కీబోర్డు దగ్గరికి జరుపుకుని, నావైపు తిరిగి, "నిజంగానే కలపనా?" అన్నారు.

ఊఁ అన్నాను. నన్ను అడిగారు కాబట్టి.