కర్రసాము దెబ్బకు ఐసా, కాపడమా?

మలేషియాలో పేరాక్ రాష్ట్రంలోని రబ్బరు తోటల ఊరు సుంగై సిపుట్. అక్కడి తమిళుల సిలంబం మన కర్రసాముకు దగ్గరి చుట్టం. మలయ్ వారి సిలాట్, కొరియా తైక్వాండో కూడా మలేషియా పిల్లలకు కొత్త కావు. ఏది నేర్చినా మొదట దక్కేది ఒకటే: మెటికల వాపు, ముంగాలి ఎముక మీద ఊదారంగు మచ్చ.

ఇంటికి రాగానే సీసాలు బయటికొస్తాయి. మన ఇళ్లలో పసుపు, సున్నం పట్టు. అక్కడ సముద్రపు దోసకాయ అనే జీవి నుంచి తీసే గామాట్ నూనె, చీనా మూలికల తైలం. అమ్మ చెయ్యి పడితే సగం నొప్పి పోయినట్టే ఉంటుంది, కాదనలేం. కానీ తొలి రెండు రోజులు గట్టిగా మర్దన చేసినా, కాపడం పెట్టినా చిట్లిన సన్న నాళాల నుంచి ఇంకా రక్తం ఊరి వాపు పెరుగుతుంది. చర్మం గీరుకున్న చోట సున్నం అసలే వద్దు, పొక్కుతుంది.

విశ్రాంతి, ఐసు, కట్టు, దెబ్బ తగిలిన భాగాన్ని ఎత్తిపెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తానే సవరించుకున్నాడు. అంచేత నొప్పి తగ్గే మట్టుకు, బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెడితే చాలు. మచ్చ ఆకుపచ్చకు, పసుపుకు తిరిగితే కంగారొద్దు. లోపల పేరుకున్న రక్తం విరుగుతోందన్నమాట.

కాలు మోపలేకపోయినా, వేలు వంకర తిరిగినా ఎక్స్‌రే తీయించాలి. తలకు తగిలి వాంతి అయితే వెంటనే ఆసుపత్రికే.

మలేషియా డెంగ్యూ తిరిగే దేశం కూడా. దెబ్బ తగలకుండానే మచ్చలు లేచి జ్వరం వస్తే ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ ముట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.