పని తీరిన గుఱ్ఱము

పనిచేయు గుఱ్ఱమునకు ఉలవలు పెట్టుట ధర్మమా, వ్యాపారమా? వ్యాపారమే యని మా యభిప్రాయము. బండి కదలవలెనన్న గుఱ్ఱము తినకతప్పదు. అది బండి లాగలేని దినమున యజమానుడు దానికేమి పెట్టునో దానినిబట్టి యాతని ధర్మమును నిర్ణయింపవలెను.

కైరో నగరమునందలి యొక వృత్తాంతము నిచ్చట స్మరింతము. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున బ్రిటిషుసైన్యమునకు సేవచేసిన గుఱ్ఱములలో వేలకొలదింటిని, యుద్ధానంతరము స్వదేశమునకు గొనిపోక, ఈజిప్టునందే విక్రయించిరి. 1930లో డోరతీ బ్రూక్ అను ఆంగ్లవనిత కైరోకు వచ్చి, బక్కచిక్కి, కుంటుచు, పుండ్లతో బరువులు లాగుచున్న ఆ ముసలి గుఱ్ఱములను జూచెను. 1931లో ఆమె లండనునందలి మార్నింగ్ పోస్టు పత్రికకు లేఖ వ్రాయగా ప్రజలు ధనము పంపిరి. దానితో నామె కొలది సంవత్సరములలో సుమారు ఐదువేల గుఱ్ఱములను కొని, 1934లో నొక వైద్యశాలను నెలకొల్పెను.

ఆ గుఱ్ఱములలో పెక్కింటికి లభించినవి కొన్ని దినముల విశ్రాంతి, కడుపునిండ మేత, పిమ్మట బాధలేని మరణము. ఇంతమాత్రమునకు అంత ధనమేల, బీదలకు పెట్టరాదా యని యడుగువారు కలరు. ఆ గుఱ్ఱముల యజమానులును బీదలే. గుఱ్ఱమే వారి జీవనాధారము. వెలయీయక లాగికొనినచో ఒక ప్రాణిని రక్షించి ఒక కుటుంబమును కూల్చినట్లగును. ఆమె వెలయిచ్చి కొనెను. వైద్యశాలలో బీదల పశువులకు ఉచితచికిత్స యేర్పఱచెను. పశువుపై దయయు మనుష్యునిపై దయయు నిచ్చట పరస్పరవిరుద్ధములు కాలేదు.

చంపుట దయయగునా యను ప్రశ్న యింతకంటె కఠినమైనది. 1928లో సబర్మతీ ఆశ్రమమున నయముగాని వ్యాధితో తన్నుకొనుచున్న యొక దూడకు గాంధీమహాత్ముడు సూదిమందుచే మరణమిప్పింపగా, పలువు రాగ్రహించి లేఖలు వ్రాసిరి. ఇరుపక్షములందును ఆత్మవంచనకు తావుకలదు. పాపభీతిచే పశువును బాధలో నిలిపియుంచువాడు దాని నొప్పితో తన పుణ్యమును కొనుచుండవచ్చును. దయ యనుచు చంపించువాడు మేతఖర్చును తప్పించుకొనుచుండవచ్చును.

కావున తీర్పునకు ముందు పరీక్ష యవసరము. ముసలి గుఱ్ఱమునకు దంతము లరిగిపోవును. ఎండుగడ్డి యెదుటనున్నను నమలలేక అది కృశించును. చూచువారు చావు సమీపించినదందురు. నోరు తెఱిచి చూచి, నానబెట్టిన మెత్తని మేతను పలుమారులు కొంచెము కొంచెముగా పెట్టినచో, అట్టివానిలో కొన్ని మరల కండపట్టును. గిట్టలు పెరిగి నడకచెడినదానికి గిట్టలు చెక్కింపవలెను. లేవలేని దానిక్రింద మెత్తని పఱుపు వేయవలెను. వైద్యుని పిలిపించి ఇవన్నియు చేసినపిదప, నొప్పి తగ్గుటకు మార్గములేదని తేలినప్పుడు, మరణమిప్పించుట హింస కాదని మేము తలచెదము. ఇవేవియు చేయక ముందే ఆ మాట యెత్తువాని దయను మేము నమ్మజాలము.

కౌటిల్యుడు కరుణారసకవి కాడు. రాజ్యపు రాబడిని, ఖర్చును కాసు వీడక లెక్కించినవాడు. అట్టివాడును యుద్ధముచేతను, వ్యాధిచేతను, వార్ధక్యముచేతను చెడిన గుఱ్ఱములకు తిండి పెట్టవలెనని అర్థశాస్త్రమున విధించెను. పని తీరిన పశువు పోషణము ఆయనకు భిక్ష కాదు, అశ్వశాల ఖర్చులలో నొకటి.

నేడు మన పట్టణములలో జట్కాలు చాలవఱకు అంతరించినవి. కాని వట్టిపోయిన యావు, దున్నలేని యెద్దు, చూపు తగ్గిన కాపలాకుక్క యింకను మన వాకిళ్ల నున్నవి. పశువును కొనునాడే దాని ముసలితనపు ఖర్చును గూడ గృహస్థుడు తన లెక్కలో వ్రాసికొనవలెను. అంత యీయలేనివాడు ఆ పశువును కొనకుండుటయే మేలు.