నీళ్ల వంతు



సౌదీ అరేబియా అనగానే మనకు ఇసుక, చమురు, రియాద్ మేడలు గుర్తొస్తాయి. పల్లె గుర్తుకు రాదు. కానీ ఆ దేశపు తూర్పున, హుఫూఫ్ పట్నం చుట్టూ, అల్ అహ్సా అనే ఒయాసిస్ ఉంది. దాదాపు 25 లక్షల ఖర్జూర చెట్లు! 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

తోటలోకి అడుగుపెడితే ముందు ఒంటికి తగిలేది నీడ. పైన ఖర్జూరం, దాని కింద నిమ్మ, దానిమ్మ, ఇంకా కింద పశువుల కోసం వేసిన బర్సీమ్ గడ్డి. చలికాలం తగ్గుముఖం పట్టగానే చెట్లెక్కే పని మొదలవుతుంది. మన గీత కార్మికుల మోకు లాంటి తాడు నడుముకు చుట్టుకుని మనిషి పైకెక్కుతాడు. మగచెట్టు పూరెమ్మలు కొన్ని ఆడచెట్టు పూగుత్తిలో దోపి, వదులుగా కట్టి దిగుతాడు. గాలికి వదిలేస్తే కాపు సరిగా రాదు. అందుకే చెట్టు చెట్టుకూ ఈ పని చేత్తోనే చేస్తారు.

పల్లె సుఖం పచ్చదనంలో ఉందంటారు. నాకైతే అది నీళ్ల వంతులో ఉందనిపిస్తుంది. అల్ అహ్సాలో ఊటనీరు కాలువల వెంట పారి, ఎగువ తోట తడిశాక మిగిలింది దిగువ తోటకు చేరేది. పై తోటవాడి మంచిచెడ్డలు కింది తోటవాడికి తెలియక తప్పేది కాదు. మన తెలంగాణ గొలుసుకట్టు చెరువుల కింద కూడా అంతే కదా. నీరటి వచ్చి తూము తీస్తే ఎవరి మడి తడిసిందో, ఎవరిది ఎండిందో ఊరందరికీ తెలిసేది. పోట్లాటలూ అక్కడే, పలకరింపులూ అక్కడే.

రియాద్‌కు చాలావరకు నీళ్లు, ఎక్కడో గల్ఫ్ తీరంలో సముద్రపు నీటి ఉప్పు తీశాక, వందల కిలోమీటర్ల గొట్టాల్లో వస్తాయి. ఎడారి నడుమ అంత పెద్ద నగరం దాహం తీర్చడం గొప్ప పనే. కానీ కుళాయి తిప్పేవాడికి పక్కింటి మనిషితో అవసరం పడదు.

అల్ అహ్సా కూడా మారింది. మోటార్లు పెట్టి తోడేసరికి ఊటలు తగ్గిపోయాయి. ఇప్పుడు శుద్ధి చేసిన మురుగునీరు కూడా చాలా తోటలకు పారుతోంది. చెట్లు బతికాయి, అదే సంతోషం.

ఇంకో మాట చెప్పాలి. సౌదీ తోటల్లో, మనవాళ్లు మజ్రా అని పిలిచే చోట, మన పల్లెల నుంచి వెళ్లినవాళ్లూ పనిచేస్తున్నారు. చెట్టు, నీరు, మట్టి అన్నీ చేతికి తెలిసినవే. కానీ తెలుగులో పలకరించే మనిషే ఉండడు. శుక్రవారం వస్తే రియాద్‌లోని బత్తా అనే పేటలో మనవాళ్లు గుంపులుగా కలుస్తారు. మజ్రాలో ఉన్నవాడికి అంత దూరం రావడం కుదరదు.

దమ్మాంలో, ఖోబర్‌లో ఉంటూ మా మాట వింటున్న అన్నలారా, అక్కలారా, అల్ అహ్సా మీకు కారులో రెండు గంటల లోపే. ఈ శుక్రవారం పిల్లల్ని తీసుకుని తోటలు చూడండి. అక్కడ మనవాడు ఎవరైనా కనబడితే, ఏ ఊరని అడిగి, కాసేపు కూర్చుని రండి.