కొండ నేర్పిన తృప్తి

నల్లజర్ల మెట్టసీమ నుండి పడమరగా పోయి, కామవరపుకోట దాటిన యాత్రికునకు జీలకర్రగూడెము చెంత గుంటుపల్లి కొండలు కనిపించును. గుర్రపునాడా వలె వంగిన ఆ కొండల నడుమ పచ్చని లోయ కలదు. సుమారు 2,200 సంవత్సరముల క్రిందట బౌద్ధ భిక్షువుల నివాసమునకై అచ్చటి ఇసుకరాతిని తొలిచి గుహలను నిర్మించిరి.

అందు వర్తులాకారమైన చైత్యగృహ మొకటి. దాని కప్పు లోపల రాతినే కొయ్యవాసముల వలె చెక్కిరి. శిల్పికి ఆదర్శము రాజభవనము కాదు, గుండ్రని పూరిల్లు! అతడు కొండను కూల్చలేదు. దాని ఒడిలో తనకు కావలసినంత చోటు మాత్రమే పుచ్చుకొనెను. అందలి స్తూపమును తరువాతి తరములవారు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. ఆరాధన మారినను ధర్మమను మాట నిలిచినది.

ఈ సీమకు దిగువనే ఉన్న కొల్లేటిని మానవుని ఆశ చేపలచెరువుల గట్లతో బిగించెను. 2006లో ప్రభుత్వమే ఆ గట్లను తెంచవలసి వచ్చెను.

లోయ అందమును చూచి ఆనందించుట సులభము. "ఇంతటితో చాలు" ననుట సాధన. ఇంటికి మరలిన భక్తునకు తన చేనిగట్టుపై, చెరువొడ్డున ఆ మాట గుర్తున్ననాడే యాత్ర సఫలము.