వడగట్టిన నీరు, విడిచిన నీరు

మన ఇండ్లలో బిడ్డ మొదట నేర్చుకొను ధర్మము నీరు వడగట్టుట. రెండు మడతల గుడ్డతో వడగట్టి, ఆ గుడ్డను వడగట్టిన నీటితోనే జాడించి, ఆ నీటిని తోడిన బావికే మెల్లగా దింపవలెను. దీనిని పెద్దలు జీవాణి అన్నారు. గుడ్డలో చిక్కిన ప్రాణి తన స్థానమునకు చేరితేగాని పని ముగిసినట్లు కాదని వారి భావము. మనము మొదటి సగము పాటించి రెండవ సగము మరచినామేమోనని నా సందేహము. దీనికి నా అనుభవమే కారణము.

మాది కోలారు జిల్లాలోని చిన్న పట్టణము. భూగర్భ డ్రైనేజి లేదు. ఇంటింటికి సెప్టిక్ ట్యాంకే. మూడేండ్ల క్రిందట మాది నిండగా ట్యాంకరు పిలిపించి, అడిగిన కూలిలో మూడు వందలు తగ్గించినాను. బేరము మన వృత్తి గదా! వారము తరువాత బాకీ వసూలుకు దిగువ ఊరికి పోయినాను. చెరువు కాలువ వద్ద భరింపరాని కంపు. ఎద్దులు నీటిని మూచూసి వెనుదిరిగినవి. తరువాత ట్యాంకరు వానిని అడిగితే, "సేటుగారూ, మీరు తగ్గించిన దానికి దూరం పోతే డీజిలు ఖర్చు కూడా రాదు. దగ్గరలో వదిలినాను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మా సీమ చెరువులు గొలుసుగా ఉన్నవి. పై చెరువు మరవ పారితే ఆ నీరే క్రింది చెరువునకు చేరును. నేను మిగిల్చిన మూడు వందలు దిగువ ఊరి ఖాతాలో నష్టముగా పడినవి.

"డబ్బు ఇచ్చితిమి, పాపము వానిది" అనవచ్చునా? కృత, కారిత, అనుమోదనలు మూడును బంధమే అని మన శాస్త్రము. విసర్జనలో జాగ్రత్త చెప్పు ఉత్సర్గ సమితి మునులకే గదా అందురు. మునులకు మహావ్రతము, మనకు అణువ్రతము. కొలత వేరు గాని దారి ఒక్కటే. శుద్ధి చేసినను క్రిములు చచ్చును గదా అని మరికొందరు అందురు. నిజమే. గృహస్థునకు తప్పని ఆరంభీ హింస అది. అజాగ్రత్తతో చెరువంతటిని, దానిలోని చేపలను, త్రాగు పశువులను చెరచుట తప్పని హింస కాదు.

ఇది అసాధ్యమైన పనియు కాదు. దేవనహళ్ళిలో 2015లో రోజుకు 6 వేల లీటర్ల సెప్టిక్ మడ్డిని శుద్ధి చేయు కేంద్రము పెట్టినారు. మడ్డిని తొట్లలో కుళ్ళబెట్టి, ఎండబెట్టి, తడి చెత్తతో కలిపి ఎరువుగా మార్చు పద్ధతి అది. వేరైన నీటిని గులకరాళ్ళ గుండా పంపుదురు. అదియు వడగట్టుటయే గదా!

సోదరులకు నా మనవి ఇంతే. ట్యాంకరు వానితో ధర కన్న ముందు చోటు మాట్లాడండి. ఆ దూరమునకు తగిన కూలి ఇవ్వండి. మన సంఘములు వేసవి చలివేంద్రములకు చందా వేయునట్లే, ఇట్టి కేంద్రము కొరకు మునిసిపాలిటీని అడుగుటలో ముందు నిలువవలెను, చేతనైనంత చందాయు వేయవలెను.

నేను ఆ మూడు వందలు ట్యాంకరు వానికి తిరిగి ఇచ్చినాను. దిగువ చెరువునకు ఏమి తిరిగి ఇవ్వగలనో ఇంకను ఆలోచించుచున్నాను.