రోబో కరుణ చూపగలదా?



ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మొదట్లో అందరూ చుట్టూ చేరతారు. నెల తిరిగేసరికి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. చచ్చుబడిన చేతిని రోజూ మళ్లీ మళ్లీ కదిలించాలి. లేకపోతే ఇంకా కొంత సత్తువ ఉన్నా రోగి ఆ చేతిని వాడటమే మానేస్తాడు. "నాన్నా, ఇంకొక్కసారి ఎత్తు" అని పక్కన కూర్చుని చెప్పే ఓపికే కరువు.

అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాయా మతారిచ్ బృందం 2005 నాటికే ఈ పనికి ఒక రోబోను పెట్టి చూసింది. రోగి పుస్తకాలు తీసి అరలో సర్దుతుంటే అది గమనిస్తుంది, గుర్తుచేస్తుంది, మెచ్చుకుంటుంది. రోగిని మాత్రం తాకదు. దాన్ని తయారుచేసిందే అలా.

మరి అది కరుణేనా? కాదు. ధమ్మంలో కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం. మరకు సంకల్పం లేదు. దాని మెచ్చుకోలులో కుశలం లేదు, తాకకపోవడంలో అకుశలమూ లేదు. తాకగలిగి తాకని మనిషిదే దోషం. అది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, తరతరాలుగా అనుభవించాం.

అలాగని మరను తోసెయ్యకండి. యంత్రాలను కాదన్న గాంధీవాదాన్ని బాబాసాహెబ్ 1945లో ఖండించారు. తప్పు యంత్రానిది కాదు, దాని ఫలం కొందరికే దక్కనిచ్చే సమాజానిది అన్నారు. యంత్రం మనిషికి తీరిక ఇస్తుందన్నారు. రోగికి కావలసింది సమ్యక్ వ్యాయామం. రోబో చెప్పినా, బిడ్డ చెప్పినా చెయ్యి ఎత్తాల్సింది అతనే. ఆ ప్రయత్నానికి రోబో మాట తోడైతే మంచిదే. అది పేదవాడి ఇంటికీ చేరాలని అడగడం మన హక్కు.

కానీ దొరికిన తీరికను ఏం చేస్తాం? అసలు ప్రశ్న ఇదే.

అతిసారంతో తన మలమూత్రాల్లోనే పడివున్న ఒక భిక్షువును తథాగతుడు చూశాడు. తమకు ఏ పనికీ రాడని తోటివాళ్లు అతన్ని వదిలేశారు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు ఒళ్లు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి, మీరు ఒకరికొకరు సేవ చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారని అడిగాడు.

ఆ ప్రశ్న ఇప్పుడు మన ముందుంది. ఎన్నిసార్లు చెయ్యి ఎత్తాడో రోబో లెక్కపెట్టనీ. ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం మనం చేద్దాం. అదంతా ఇంటి ఆడవాళ్లకే వదిలెయ్యకండి. మీ వీధిలో మంచాన పడ్డవాళ్లు ఎవరున్నారో ఈ సాయంత్రమే కనుక్కోండి. వెళ్లి ఆ చెయ్యి పట్టుకోండి.

నమో బుద్ధాయ!